మామ్మగారి మంగళవారం కాఫీ

"ఏవండీ, ఇది కాఫీ కాదు."

వాన జోరుగా కురుస్తోంది. బందరు కోనేరు సెంటర్లో జనమంతా ఏ చూరు దొరికితే ఆ చూరు కిందకి దూరిపోయారు. దుర్గాప్రసాద్ కొట్టు ముందున్న రేకుల కింద నిలబడ్డ అమ్మాయి, పేపరు కప్పుని పైకెత్తి అందులో ఈగ పడినట్టు చూస్తోంది.

"కాఫీ అని నేనెప్పుడన్నానండీ? బోర్డు చూడండి. 'నిదానం, హెర్బల్ డ్రింక్' అని ఉంది."

"దాని కింద 'దడ పుట్టించని కాఫీ' అని కూడా ఉంది. నాకు కళ్ళున్నాయి."

"చాలా పెద్దవే ఉన్నాయండీ."

మాట నోరు జారి వచ్చేసింది. కప్పు మొహాన పడుతుందేమోనని దుర్గాప్రసాద్ ఓ అడుగు వెనక్కి వేశాడు.

ఆమె మాత్రం తాపీగా, "వాటితోనే బతుకుతున్నాను. పక్కవీధి కంటి ఆసుపత్రిలో సైట్ చెక్ చేసేది నేనే. మీరోసారి రండి. మీ బోర్డు మీకే సరిగ్గా కనబడుతున్నట్టు లేదు," అంది.

అని, ఆ కప్పు మొత్తం తాగేసింది. బావుందని కాదు, వాన తగ్గలేదని. మర్నాడు వాన లేదు. అయినా వచ్చింది.

ఆ అమ్మాయి పేరు గీతాంజలి. అవనిగడ్డ అవతల ఓ ఊరు. వారమంతా బందరులో హాస్టల్లో ఉండి, సెలవు దొరికితే ఇంటికి పరిగెత్తే రకం.

ఇంతకీ ఆ కప్పులో ఉన్నదేమిటో మనం ఇక్కడే చెప్పేసుకోవాలి. ఎందుకంటే దుర్గాప్రసాద్ ఎవరికీ చెప్పడం లేదు. అది పుట్టగొడుగుల పొడి. పెదపారుపూడి దగ్గర పవన్ అనే స్నేహితుడి షెడ్డులో, చెక్కపొట్టు నింపిన సంచుల్లో పెంచుతాడు. ఎర్రగా, చెక్కంత గట్టిగా, పైన వార్నిష్ పూసినట్టు మెరిసే రకం. దాన్ని ఎండబెట్టి, పొడి కొట్టి, వేయించిన చికోరీ వేరుతో కలుపుతాడు. పాలూ బెల్లమూ పడితే రంగూ రుచీ ఇంచుమించు కాఫీలాగే ఉంటాయి.

మొదట్లో ఇలా దాచలేదు. సొంతూరు గుడివాడలో బస్టాండు దగ్గర 'మష్రూమ్ కాఫీ' అని ఇంతింత అక్షరాలతో బోర్డు పెట్టాడు. వాళ్ళ నాన్న కాంతారావుగారి స్నేహితుడు బాబూరావుగారు వచ్చి ఒక గ్లాసు తాగి, అద్భుతం అని మెచ్చుకుని, రెండో గ్లాసు సగంలో ఉండగా "మష్రూమ్ అంటే ఏంట్రా?" అని అడిగాడు. చెప్పగానే నోట్లో ఉన్నదంతా రోడ్డు మీద ఊసేశాడు. ఎరువుల కొట్టు కాంతారావు కొడుకు జనానికి బూజు తాగిస్తున్నాడని సాయంత్రానికి ఊరంతా చెప్పుకుంది. కాంతారావుగారు సిగ్గుతో వాకింగ్ మానేశాడు.

అందుకని దుర్గాప్రసాద్ బందరు వచ్చేశాడు. బోర్డు మీంచి ఆ మాట తీసేశాడు. ప్యాకెట్టు మీద మాత్రం, రూలు ప్రకారం ఉండాలి కాబట్టి, అన్నిటికంటే కింద, చీమ తలకాయంత అక్షరాలతో ఆ పుట్టగొడుగు సైన్సు పేరు ఇంగ్లీషులో వేయించాడు. అబద్ధం చెప్పలేదని తనకి తాను చెప్పుకోవడానికి ఆ ఒక్క లైను చాలింది.

గీతాంజలి రోజూ వచ్చేది. రోజూ ఏదో ఒక వంక పెట్టేది.

"ఇవాళ బెల్లం ఎక్కువైంది."

"మీరు నవ్వుతూ తాగారండీ. అందుకని అలా అనిపించింది."

"ఇలాంటి డైలాగులు ఎంతమందికి చెప్తారు?"

"మీరు వచ్చే టైముకి కొట్లో వేరే ఎవరూ ఉండరండీ."

ఒకరోజు నిజంగానే కంటి ఆసుపత్రికి వెళ్ళాడు. ఆమె ఒక కన్ను మూయించి, గోడ మీద అక్షరాలు చూపించి, "కింది వరుస చదవండి," అంది.

"కనబడ్డం లేదండీ."

"అంత చిన్నగా ఏం లేవే?"

"మీరు అడ్డంగా ఉన్నారు."

గీతాంజలి పక్కకి జరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. ఆ పూట ఆమె రాసిచ్చిన చీటీలో సైట్ ఏమీ లేదని ఉంది. దుర్గాప్రసాద్ దాన్ని ప్రేమలేఖలా పర్సులో పెట్టుకున్నాడు.

మీరు అన్న పిలుపు కాస్తా నువ్వు అయ్యాక, ఒక శనివారం ఆమె ఊరెళ్తూ ఆగింది.

"ఒక ప్యాకెట్ ఇవ్వు. మా మామ్మకి."

"ఆవిడకీ నచ్చుతుందంటావా?"

"డాక్టరు కాఫీ మాన్పించాడు. గుండెదడ. మామూలు రోజుల్లో ఎలాగో సర్దుకుంటోంది గానీ, మంగళవారం వస్తే మొహం చూళ్ళేకపోతున్నాం."

"మంగళవారం ఏంటి?"

"ఉపవాసం. మోపిదేవి సుబ్బారాయుడికి. దీపం పెట్టేదాకా కాఫీ తప్ప ఇంకేమీ ముట్టదు. ఇప్పుడు ఆ కాఫీ కూడా లేదు."

"ఇందులో కాఫీ గింజ ఒక్కటి కూడా లేదు. నిశ్చింతగా తాగమను," అని మంచి ప్యాకెట్టు ఏరి మరీ ఇచ్చాడు.

ఆ తర్వాతి సోమవారం గీతాంజలి చక్కరకేళి అరటిపళ్ళ అత్తం తెచ్చి కొట్టు బల్ల మీద పెట్టింది. "కాఫీ అబ్బాయికి అంట." ఇంకో వారం ఫోనే కలిపి ఇచ్చింది.

"నాయనా, నేను వీరలక్ష్మినయ్యా, గీత వాళ్ళ మామ్మని. నీ కాఫీతో నా మంగళవారం నాకు తిరిగొచ్చింది. ఆ రోజు నా దేవుడితో పాటు నిన్ను కూడా తలుచుకుంటున్నా. చల్లగా ఉండు."

దుర్గాప్రసాద్ ఆ పూటంతా గాల్లో తేలాడు. సాయంత్రం కొట్టు కట్టేస్తూ ఇంట్లో ఫోన్ చేసి చెప్పేశాడు, పెళ్ళంటూ చేసుకుంటే ఈ అమ్మాయినే అని. కాంతారావుగారు కులం, ఊరు, వాళ్ళ తాతల పేర్లు అన్నీ విచారించుకుని, ఎక్కడా వంక దొరక్క ఒప్పుకున్నాడు.

పెళ్ళిచూపులు మంగళవారం పెట్టారు. ఎవరైనా మంగళవారం పెడతారా అని కాంతారావుగారు గుడివాడ నుంచి పామర్రు దాకా సణిగాడు. అది ఆ మామ్మగారి దేవుడి రోజనీ, వాళ్ళింట్లో ఏ మంచిపనైనా ఆ రోజే మొదలుపెడతారనీ దుర్గాప్రసాద్ పామర్రు నుంచి పులిగడ్డ వంతెన దాకా చెప్పాడు. వాళ్ళమ్మ ప్రభావతమ్మ మధ్యలో కూర్చుని ఇద్దరికీ మంచినీళ్ళ సీసా అందిస్తూ వచ్చింది.

గీతాంజలి నాన్న నాగభూషణరావు గేటు దాకా ఎదురొచ్చాడు. భారీ మనిషి, భారీ గొంతు.

"రండి రండి! మొహమాటపడకండి బావగారూ, మధ్యాహ్నం భోజనం ఇక్కడే. చేపల పులుసు, రొయ్యల వేపుడు, పీతలు కూడా తెప్పించాను. మంగళవారం నియమం మా అమ్మ ఒక్కదానికే. మా దివిసీమలో నీళ్ళల్లో కదిలేది ఏదీ వదిలిపెట్టం." అని పెద్దగా నవ్వాడు. "మా ఇంట్లో తిననిది ఒక్కటేనండీ. పుట్టగొడుగు."

కాంతారావుగారికి దగ్గొచ్చింది. ప్రభావతమ్మ చెయ్యి పమిట మీద అలాగే ఆగిపోయింది.

"అదేంటండీ?" అంది ఆవిడ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

వీరలక్ష్మిగారు వాలుకుర్చీలోంచి ముందుకి వంగింది. సన్నగా, తెల్లగా, ముత్యమంత ముక్కుపుడకతో ఉంది.

"అది నా మొక్కు తల్లీ. కాన్పులన్నీ పోయేవి నాకు. ఒక్కటీ నిలిచేది కాదు. మోపిదేవి వెళ్ళి స్వామి ముందు కొంగు పరిచాను. నాయనా, పుట్టలో ఉండేవాడివి నువ్వు, నీ పుట్ట మీద మొలిచేది నా నోట పెట్టను, నా గడప దాటనివ్వను, ఒక్క బిడ్డనివ్వు అన్నాను. వీణ్ణిచ్చాడు. ఆయన గుర్తుగా నాగ పేరే పెట్టుకున్నాను. వానాకాలం ఊరందరూ పుట్టగొడుగులు ఏరుకొచ్చి కూర వండుకుంటారు. మేం వాసన కూడా రాకుండా వీధి తలుపు వేసేసుకుంటాం."

"ఆ మొక్కే నేను," అన్నాడు నాగభూషణరావు గుండెల మీద చెయ్యి వేసుకుని.

దుర్గాప్రసాద్ కుర్చీ అంచుకి జరిగాడు. సరిగ్గా అప్పుడే గీతాంజలి లోపలి నుంచి పళ్ళెంలో స్టీలు గ్లాసులతో వచ్చింది. పెడన కలంకారీ చీర కట్టుకుంది. మామూలుగా అయితే అతను ఆ చీర మీద పువ్వులన్నీ లెక్కపెట్టేవాడు.

"మీ కాఫీ మీకే పెడుతున్నాం. తిట్టుకోకండి," అంది నవ్వుతూ.

"నాకూ ఇలా ఇవ్వవే. మంగళవారం కదా," అని చెయ్యి చాచింది వీరలక్ష్మిగారు.

ఆగండి అన్న ఒక్క మాట చాలు. అది గొంతు దాకా వచ్చింది కూడా. దుర్గాప్రసాద్ తలెత్తి గీతాంజలి వంక చూశాడు. ఆమె అతన్నే చూస్తూ, కళ్ళతో నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ పోతుందోనన్న భయంతో మాట మింగేశాడు. వీరలక్ష్మిగారు గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, తృప్తిగా తాగింది. అతను గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఆఖరి చుక్క కూడా వదల్లేదు.

ఆ తర్వాత భోజనాల్లో పీతలు వడ్డించారట, ముహూర్తాల ప్రస్తావన వచ్చిందట. అతనికి ఏమీ తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో ప్రభావతమ్మే ముందు నోరు విప్పింది. "చెప్పేయాల్సిందిరా."

"ఏం చెప్తాడే? పెద్దావిడకి గుండెదడ తగ్గింది. సంతోషంగా ఉంది. ఇప్పుడు చెప్పి ఆవిడ ప్రాణం తీస్తాడా?" అన్నాడు కాంతారావుగారు. తర్వాత కాసేపటికి గొంతు తగ్గించి, "అయినా చెక్కపొట్టులో పెరిగింది, పుట్ట మీద మొలిచింది అవుతుందా?" అన్నాడు.

దుర్గాప్రసాద్ ఆ మాటే దారంతా తనకి తాను చెప్పుకుంటూ ఉన్నాడు. లాయరైతే గెలిచేవాడేమో. కానీ ఆవిడ కళ్ళు మూసుకుని పెట్టుకున్న దణ్ణం గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళంతా సిగ్గుతో మండిపోతోంది. చిన్నప్పుడు గుడివాడ వీధిలో దొంగతనంగా పుల్ల ఐసు తిని దొరికిపోయినప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదు. అప్పుడు దొరికాడు. ఇప్పుడు ఎవరికీ దొరకలేదు, అదే భరించలేకుండా ఉంది.

మర్నాడు గీతాంజలి కొట్టుకి వచ్చేసరికి మళ్ళీ వాన.

"మామ్మ రాత్రంతా నీ గురించే. పిల్లాడు నోట్లో నాలుక లేనివాడట. ఆ మాట నమ్మిందంటే పాపం ముసలిదైపోయింది." నవ్వుతూ కప్పు అందుకోబోయింది. అతను ఇవ్వలేదు.

"గీతా, ఇది పుట్టగొడుగుల పొడి."

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. "జోకు బాలేదు."

అతను ప్యాకెట్టు తిప్పి, అడుగున ఉన్న లైను మీద వేలు పెట్టి చూపించాడు. గీతాంజలి చదివింది. ఫోను తీసి ఆ పేరు కొట్టి చూసింది. నవ్వు ఎక్కడో ఆగిపోయింది.

"రోజంతా జనం చేత కింది వరుస చదివిస్తాను," అంది మెల్లగా. "నా చేత్తో తీసుకెళ్ళి మామ్మకిచ్చాను. చదవలేదు."

"నాకు మొక్కు సంగతి తెలీదు. నిన్నటిదాకా నిజంగా తెలీదు."

"నిన్న మామ్మ తాగుతున్నప్పుడు?"

అతను ప్యాకెట్టు బల్ల మీద పెట్టేశాడు.

"తెలుసు," అన్నాడు.

"తెలిసి కూర్చున్నావా?"

"నువ్వు నవ్వుతున్నావు. అందుకని..."

"నా మీద పెట్టకు!" ఆమె వెనక్కి జరిగింది. "నాకు పుట్టగొడుగుల మీద కోపం లేదు. బోర్డు మీద కూడా లేదు. గ్లాసు ఎత్తింది చూశావా, ఆ గ్లాసు మీద. నేనేమో నిన్ను చూసి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఎంత సిగ్గేస్తోందో తెలుసా?"

"నువ్వే మామ్మగారితో మెల్లిగా..."

"నేను చెప్పను. ఫోన్లో చెప్పడానికి కూడా వీల్లేదు. నువ్వే వెళ్ళు. పక్కన నేనుంటానని అనుకోకు."

గొడుగు కూడా విప్పకుండా వానలోకి వెళ్ళిపోయింది.

దుర్గాప్రసాద్ కొట్టు మూసి, బైకెక్కాడు. చల్లపల్లి దాటేసరికి తడిసి ముద్దయ్యాడు. వెనక్కి తిరిగిపోతే బావుండునని ప్రతి మలుపులోనూ అనుకున్నాడు. అనుకున్నందుకు ఇంకాస్త సిగ్గుపడి, ముందుకే పోయాడు.

వీరలక్ష్మిగారు వసారాలో ఉంది. అతన్ని చూసి గాభరాపడి, "ఇదేంటి నాయనా ఈ తడవడం! ఉండు, నీ కాఫీయే పెట్టిస్తా. నేను కూడా ఓ గుక్క తాగుతా నీతో పాటు," అని లేవబోయింది.

"వద్దండీ మామ్మగారూ! తాగొద్దు." ఇంత గట్టిగా నిన్న అనాల్సింది. "అందులో ఉన్నది పుట్టగొడుగుల పొడి. జనం కొనరని దాచాను. మీ మొక్కు నిన్న విన్నాక కూడా నోరు మూసుకుని కూర్చున్నాను. మీరు తాగుతుంటే చూస్తూ కూర్చున్నాను."

ఆవిడ ఒకే ఒక్కటి అడిగింది. "గీతకి తెలుసా?"

"తెలీదండీ. ఇవాళే చెప్పాను."

"ఆ మటుకు నయం," అని పెరట్లోకి వెళ్ళిపోయింది. నూతి దగ్గర ఆవిడ నోరు పుక్కిలిస్తున్న చప్పుడు వినబడింది. ఆగి, మళ్ళీ పుక్కిలించింది. ఆ చప్పుడు వింటూ నిలబడడం కంటే చెంపదెబ్బ తినడం తేలిక అనిపించింది దుర్గాప్రసాద్‌కి.

గది లోంచి నాగభూషణరావు వచ్చాడు. అంతా విన్నట్టున్నాడు. అంత పెద్ద గొంతూ చిన్నబోయింది.

"నేను ఆ మొక్కుకి పుట్టినవాణ్ణయ్యా. మా అమ్మ ఇన్నేళ్ళూ కాపాడుకున్నదాన్ని చిన్నక్షరాల కింద దాచి తాగించావు. వెళ్ళిపో. మళ్ళీ ఈ గడప ఎక్కకు."

అతను గేటు దాకా వెళ్ళాడు. వెనక నుంచి వీరలక్ష్మిగారి గొంతు వినబడింది.

"ఉండు. బండి స్టార్ట్ చెయ్యి. మోపిదేవి తీసుకెళ్ళు నన్ను."

"అమ్మా, నేను కారు తీస్తాను కదా!"

"నువ్వొద్దురా. తప్పు చేసిన ఇద్దరం వెళ్తాం."

తప్పు చేసిన ఇద్దరం అన్న మాట దుర్గాప్రసాద్ గుండెల్లో గుచ్చుకుంది. ఆవిడ తల మీద కొంగు కప్పుకుని, పక్కకి తిరిగి బైకు మీద కూర్చుని, అతని భుజం గట్టిగా పట్టుకుంది. దారిలో ఒక్కసారే మాట్లాడింది, "గుంటలు చూసి నడుపు," అని.

కళ్యాణకట్టలో ఆవిడ మూడు కత్తెరలు ఇచ్చింది. నెరిసిన జుట్టు కొసలు నేల మీద పడుతుంటే అతను చూడలేకపోయాడు. పక్క పీట మీద తనూ కూర్చున్నాడు.

"నీకెందుకు? మొక్కు నాది," అంది ఆవిడ.

"తప్పు నాదండీ."

"పెళ్ళి కావాల్సినవాడివి, గుండేంటి?"

"ఆ పెళ్ళి ఇంక ఎక్కడుందండీ?"

దర్శనం అయ్యాక మంటపంలో ఓ మూల కూర్చున్నారు. అతని నున్నటి గుండు మీద గంధం ఆరుతోంది.

"నాకు తెలీక తాగానని చెప్పుకున్నాను స్వామికి. నువ్వేం చెప్పుకున్నావు?"

"మీరు తాగుతుంటే తెలిసి ఊరుకున్నానని."

ఆవిడ తల ఊపింది. "దాచావంటే వ్యాపారం అనుకోవచ్చు. ఊరుకున్నావే, అదే నాకు కష్టంగా ఉంది నాయనా." మళ్ళీ తనే, చిన్నపిల్లలా అంది. "కానీ ఆ కాఫీ బావుండేది. సాయంత్రం దాకా కడుపులో హాయిగా ఉండేది. ఇంక నా మంగళవారానికి అది కూడా లేదు."

అంతదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చేసింది అతనికి. నలుగురూ చూస్తున్నా ఆపుకోలేకపోయాడు.

బందరులో బోర్డు మారింది. 'పుట్టగొడుగుల కాఫీ' అని, రోడ్డు అవతలికి కనబడేంత పెద్దగా రాయించాడు. పాత బేరాలందరికీ స్వయంగా చెప్పాడు. కొందరు మొహం మీదే తిట్టి వెళ్ళిపోయారు. చిలకలపూడిలో నగల పని చేసే బాబ్జీ మాత్రం, "ఇన్నాళ్ళు దాచావని కోపం గానీ, నాకు నిద్ర బాగా పడుతోందయ్యా. ఓ కప్పు పొయ్యి," అన్నాడు. కొట్టు చిక్కిపోయింది కానీ చావలేదు.

గీతాంజలి రోజూ ఆ దారినే వెళ్ళేది. కొట్టు దగ్గరికి వచ్చేసరికి గొడుగుని ఇటువైపు వంచేసేది. ఒక సాయంత్రం ఆ గొడుగు ఆగింది.

"గుండు మీద టోపీ పెట్టుకో. తడుస్తున్నావు," అని వెళ్ళిపోయింది.

ఆ మాట పట్టుకుని అతను ధైర్యం తెచ్చుకున్నాడు. ఆ రోజే వీరలక్ష్మిగారికి ఫోన్ చేశాడు.

"మామ్మగారూ, పెట్టేయకండి. ఒక్కటే అడుగుతాను. ఉపవాసానికి బార్లీ పనికొస్తుందా అండీ?"

"గింజ పనికిరాదు," అంది ఆవిడ పొడిగా.

"శొంఠి?"

"పనికొస్తుంది."

"ఖర్జూరం?"

"పండేగా. ఎందుకు పనికిరాదు?"

"ఆ పండులో ఉండే విత్తనం వేయించి పొడి కొడితే?"

"పండులోదే కదా. పనికొస్తుంది. ఏం చేస్తున్నావేంటి?"

ఆ తర్వాతి మంగళవారం పొద్దున్నే ఫ్లాస్కు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. గడప ఎక్కొద్దన్నారు కాబట్టి వాకిట్లోనే ఆగాడు. నాగభూషణరావు వసారాలో పేపరు అడ్డం పెట్టుకున్నాడు. వీరలక్ష్మిగారు మెట్టు దిగి వచ్చి, గ్లాసులో పోయించుకుని, తాగలేదు.

"ఇందులో ఏముంది?"

"ఖర్జూరపు విత్తనాలు వేయించిన పొడి, శొంఠి, తాటిబెల్లం, ఆవుపాలు."

"ఇంకా?"

"ఇంకేమీ లేదండీ."

"ముందు నువ్వు తాగు."

అతను తాగాడు. అప్పుడు తాగింది ఆవిడ. "శొంఠి ఘాటు," అంది.

ప్రతి మంగళవారం అదే తంతు. ఇరుగుపొరుగు కూడా ఆ వేళకి గోడల మీంచి తొంగి చూసేవారు. బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు అతను చెప్పేవాడు, మొహం కందగడ్డలా చేసుకుని. ఒకసారి శొంఠి తగ్గించాడు, ఒకసారి యాలక్కాయ వేసి ముందే చెప్పాడు. గుండు మీద జుట్టు గరుగ్గా మొలిచింది. గీతాంజలి సెలవు పెట్టుకుని ఇంట్లో ఉన్న మంగళవారాల్లో, గుమ్మం లోపల నిలబడి వినేది. బయటికి వచ్చేది కాదు.

అలాంటి ఒక మంగళవారం చినుకులు పడుతున్నాయి. వీరలక్ష్మిగారు గ్లాసు అందుకుంది, రెండు చేతుల్తో పట్టుకుంది, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. తాగేసింది.

దుర్గాప్రసాద్ కంగారు పడిపోయాడు. "మామ్మగారూ, మీరు అడగలేదు!"

పేపరు కిందకి దిగింది. "అవునమ్మా. అడక్కుండా తాగేశావేంటి?" అన్నాడు నాగభూషణరావు.

"ఏదైనా ఉంటే వాడే చెప్తాడురా. ఇంక అడగడం ఎందుకు?"

అతనికి ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. "ఖర్జూరపు విత్తనాలు, శొంఠి, తాటిబెల్లం..." అని వానలో తల వంచుకుని గబగబా అప్పజెప్పసాగాడు.

నాగభూషణరావు లేచి, వసారాలో ఇంకో కుర్చీ వేశాడు. "సరే సరే. తడుస్తున్నావు, పైకి రా," అన్నాడు.

అతను కదల్లేదు. మెట్టు వంక చూస్తూ అక్కడే నిలబడ్డాడు.

గుమ్మంలోంచి గీతాంజలి బయటికి వచ్చింది. "నాన్నా, ఈయనకి ఇంకా సిగ్గు పోలేదు. చెయ్యి పట్టుకుని తీసుకురానా?"

నాగభూషణరావు మళ్ళీ పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"తీసుకురా," అన్నాడు.

ఆమె వానలోకి దిగింది.